మాటకారితనం పద్దెనిమిది

నా పాత్రకు మాటకారితనం పద్దెనిమిది. గొప్ప కోసం చెప్పడం లేదు, పాచికలు అలా పడ్డాయి. కాగితం, పెన్సిలు, పాచికలు పెట్టుకుని కూర్చుని ఆడే ఆట అది. కోటలూ మంత్రాలూ రాక్షసులూ ఉన్న ఒక కల్పిత లోకంలో తలా ఒక పాత్రను కట్టుకుంటాం. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళం మా పాత్రలు ఏం చేస్తున్నాయో చెబుతాం. ప్రతి పాత్రకూ ఆరు గుణాలుంటాయి. బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, వివేకం, మాటకారితనం. ఆరుసార్లు, ఒక్కోసారి నాలుగు పాచికలు వేసి, తక్కువ పడ్డదాన్ని తీసేసి, మిగతా మూడూ కూడి, వచ్చిన అంకెను నచ్చిన గుణానికి పెట్టుకోవాలి. పది వస్తే మామూలు మనిషి. పద్దెనిమిది వస్తే అంతకు మించి లేదు. నాకు మూడు ఆరులు ఒక్కసారే పడ్డాయి. ఈ పద్దెనిమిదిని ఏ గుణానికి పెట్టుకుంటావని ఆట నడిపేవాడు అడిగితే, నేను కాగితం మీద వేలు పెట్టి చూపించాను. నోటితో చెప్పలేదు. చెప్పబోతే మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోతాను.

నాకు నత్తి. అప్పుడప్పుడూ తడబడే ముద్దొచ్చే నత్తి కాదు. దవడ బిగుసుకుపోతుంది, కళ్ళు వాటంతటవే మూతపడతాయి, మెడనరాలు లేస్తాయి, ఇంతా చేసి మాట బయటికి రాదు. అందుకే, మేం వలస వచ్చి బతుకుతున్న ఈ గుజరాతీ ఊళ్ళో, రింగ్ రోడ్డు మార్కెట్లో నేను పనిచేసే చీరల దుకాణంలో నన్ను వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ముందు గదిలో సేల్స్‌మెన్ పొద్దస్తమానం మూడు భాషల్లో వాగుతూ ఉంటారు. వెనక నేను కొంగులకు పువ్వులు గీస్తూ ఉంటాను. నా మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, పువ్వులతో బేరమాడేదేముంది.

ఈ ఆట వాళ్ళు నాకు ఫోన్‌లో ఒక గ్రూపు ద్వారా తగిలారు. టైపు చేసేటప్పుడు నాకు నత్తి లేదు, పైపెచ్చు నోరు పెద్దది. కొన్నాళ్ళు ఫోన్‌లోనే ఆడి, తర్వాత ఆదివారాలు కామ్‌రేజ్‌లో ఆట నడిపేవాడి ఫ్లాటుకు వెళ్ళడం మొదలుపెట్టాను. అతనిది గుంటూరు వైపు, ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం. అతని భార్య డాక్టరు, ఆమె కూడా ఆడుతుంది. నాలుగోవాడు వజ్రాలు సానపట్టే గుజరాతీ కుర్రాడు. వాడి పాత్రకు బలం పద్దెనిమిది. వాడు మాత్రం నీళ్ళ క్యాను ఎత్తి స్టాండు మీద పెట్టాలంటే నన్ను పిలుస్తాడు.

ఆ ఆటలో నాకు నచ్చింది ఒకటే, దాని న్యాయం. పని అవుతుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు చెక్ వేస్తాం. ఆట నడిపేవాడు ఆ పని ఎంత కష్టమో ఒక అంకె అనుకుంటాడు. తేలికైతే పది, కొంచెం కష్టమైతే పదిహేను, చాలా కష్టమైతే ఇరవై. మనం ఇరవై ముఖాల పాచిక వేసి, ఆ పనికి పనికొచ్చే గుణాన్నిబట్టి కొంత కలుపుకుంటాం. పదికి కలిపేదేం ఉండదు, పద్దెనిమిదికి నాలుగు. మొత్తం ఆ అంకెను అందుకుంటే పని అయినట్టే. కాపలావాణ్ని ఒప్పించాలా? పాచిక వేస్తే చాలు. రాజుగారి కోపం తగ్గించాలా? అదీ పాచికే. నేను "ఒప్పిస్తా" అని కాగితం మీద రాసి పాచిక వేసేవాణ్ని. పదకొండు, దానికి నాలుగు, పదిహేను. కాపలావాడు గేటు తీసేవాడు. ఒక్క మాటా మాట్లాడకుండా ఆ లోకంలో నాకంటే పెద్ద మాటకారి లేడు.

ఒక్క ఇబ్బంది, ఆట నడిపేవాడికి నాటకాల పిచ్చి. "పాచిక సరే, ఇంతకీ ఏమంటాడు మనవాడు? అను, విందాం" అంటాడు. నాకు ఒళ్ళు మండేది. బలం పద్దెనిమిది పెట్టుకున్నవాణ్ని ఆ బీరువా ఎత్తి చూపించమని ఎప్పుడైనా అడిగావా అని ఫోన్‌లో టైపు చేసి వాడి ముక్కు దగ్గర పెట్టేవాణ్ని. డాక్టరమ్మ నవ్వేది. వజ్రాల కుర్రాడు బీరువా వైపు భయంగా చూసేవాడు.

ఇక మా ఇంటి సంగతి. వడోద్‌లో ఒక గది, వెనక వంటకు కొంచెం చోటు. ఉండేది నేనూ మా బాపూ, అంటే మా నాన్న. బాపు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బతికిన మనిషి. పాండేసరాలో షెడ్డు. ఆ చప్పుడులో చెవులు కొంచెం కొంచెంగా పోయి, నా చిన్నతనం దాటేసరికి మొత్తం పోయాయి. ఆయనొక్కడే కాదు, ఆ షెడ్డులో పాతవాళ్ళందరిదీ అదే కథ. వాళ్ళు ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకుంటారు. చెవిలో పెట్టుకునే మిషన్ ఒకటి తెచ్చాం. అది ఫ్యాను చప్పుడును, పక్కింటి కుక్కరును, రోడ్డు మీది హారన్లను సమానంగా పెంచి వినిపించింది. బాపు దాన్ని తీసి చక్కెర డబ్బా వెనక పెట్టి మళ్ళీ ముట్టలేదు.

అమ్మ, మా యాసలో అవ్వ, ఉన్నంతకాలం మాకు లోటు తెలియలేదు. నేను అమ్మకు చెప్పేవాణ్ని, ఎంతసేపు పట్టినా ఆమె ఆగేది. తర్వాత బాపు ముఖంలోకి చూసి, పెదాలు చక్కగా కదిలిస్తూ, నా మాటను తన మాటలా ఒక్క గుక్కలో అప్పజెప్పేది. నా నత్తి గురించి బాపు అడిగినప్పుడల్లా "ఎప్పుడో తగ్గింది" అనేది. ఆయన బాధపడతాడని. చెవులు లేని మనిషికి అది నిజమో కాదో తెలిసే దారి లేదు. నాకూ ఆ అబద్ధం హాయిగానే ఉండేది. అమ్మ పోయాక మా మధ్య ఆ వంతెన పోయింది, అబద్ధం మాత్రం అలాగే నిలిచింది.

నత్తి వినపడనివాడికి ఎలా కనిపిస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. బిగిసిన దవడ, మూసిన కళ్ళు, లేచిన నరాలు. ఆ సంగతి బాపు చెప్తేగాని నాకు తెలియలేదు. ఒకరోజు అన్నం తిని కంచం కడిగి, చేతులు తుడుచుకుంటూ ఆయన చెప్పాడు. ఆయన గొంతు ఎప్పుడూ గట్టిదే, వాడకట్టు మొత్తానికి వినపడుతుంది.

"నేను పోతున్న కొడుకా. భివండిల పని దొరికింది. మా పక్క సాంచ ఆయన మాట్లాడిండు, ఇద్దరం పోతం. షెడ్డులనే పండుకోవచ్చంట."

నేను లేచి నిలబడ్డాను.

"మీ అవ్వ పోయిన కాడికెల్లి సూస్తున్న. నేను ముందలికస్తె సాలు, మూతి గుంజుకుంటవ్, కండ్లు మూసుకుంటవ్. ఫోన్ల అందరితోని మాట్లాడుతవ్, నాతోనే మాట్లాడవ్. గంత కోపం పెట్టుకోని ఒక్క రూముల ఎట్లుంటం? నువ్వన్న మంచిగుండు."

నేను నోరు తెరిచాను. పోకు అనాలి. ఆ మాట 'ప'తో మొదలవుతుంది, పెదాలు మూస్తేగాని పుట్టదు. నావి మూసుకున్నాయి, తెరుచుకోలేదు. కళ్ళు మూతపడ్డాయి. లోపల ఊపిరి గుద్దుకుంటోంది. ఎలాగో కళ్ళు తెరిచేసరికి ఆయన నా ముఖం చూసి, ఇంతేలే అన్నట్టు తలాడించి, అటు తిరిగి పక్క పరుచుకుంటున్నాడు. చెవిటివాడు అటు తిరిగితే ఇక తలుపు వేసినట్టే.

ఆ వారమంతా నేను పిచ్చివాడిలా తిరిగాను. పొద్దున ఆయన అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటుంటే, అద్దంలో నా ముఖం కనపడేలా వెనక నిలబడ్డాను. బిగుసుకుపోయాను. ఆయన రేజర్ దింపి, పక్కకు జరిగి, నాకు అద్దం ఖాళీ చేశాడు. చేతులతో సైగ చేశాను, వద్దు వద్దని. "నాకేం వద్దుర, నీ దగ్గరనే ఉంచుకో సామాను" అన్నాడు. రాసి చూపిద్దామంటే ఆయనకు చదువు రాదు. పక్కింటి వదినను పిలిచి చెప్పించాను. "నీ కొడుకు నిన్ను పోవద్దంటున్నడు మామా" అని ఆమె పాపం బాగానే చెప్పింది. బాపు నవ్వి, "నలుగురు ఏమనుకుంటరోనని అనిపిస్తున్నడు బిడ్డా, వానికి లేదా నోరు?" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటకు జవాబు చెప్పడానికి నాకు నిజంగానే నోరు లేదు. వెనక వంట దగ్గరికి పోయి గోడకు తల కొట్టుకున్నాను. గట్టిగానే కొట్టుకున్నాను, ఎలాగూ ఆయనకు వినపడదు.

భివండి ఇంకో రాష్ట్రంలో ఉన్న ఇంకో సాంచెల ఊరు. పగలంతా తనకు వినపడని చప్పుడులో పనిచేసి, అక్కడే దూది దుమ్ములో పడుకుని, కొడుక్కి తనంటే గిట్టదనుకుంటూ ముసలివాడవుతాడు. ఫోన్ చేసి మాట్లాడటానికి కూడా లేదు. ఇటు నోరు లేదు, అటు చెవి లేదు.

ఆదివారం ఆటకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, ఇంట్లో ఆయన బట్టలు మడతపెట్టుకోవడం చూడలేక వెళ్ళి ఉంటాను. మా పాత్రలు ఒక వంతెన దగ్గర ఆగాయి. దాటాలంటే అక్కడి ముసలి కాపరిని ఒప్పించాలి. నేను పాచిక వేశాను, పంతొమ్మిది పడింది. ఆట నడిపేవాడు చేతులు రుద్దుకుంటూ, "అబ్బో! ఇంత బాగా పడ్డాక ఊరుకునేదే లేదు. ఏమన్నాడో అనాల్సిందే" అన్నాడు.

నేను ఆ పాచిక తీసి గోడకు కొట్టాను. అది ఎగిరి సోఫా కిందికి పోయింది. తిట్టాలనుకున్నాను, తిట్టు కూడా రాలేదు. 'న... న... న...' అంటూ ఊగిపోయాను. ముగ్గురూ బిక్కచచ్చిపోయారు. డాక్టరమ్మ నీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు ఫోన్ తీసి మొత్తం టైపు చేశాను, బాపు రేపు సాయంత్రం రైలెక్కుతున్నాడని, నాకు కోపం అనుకుని పోతున్నాడని. ఫోన్ ముగ్గురి చేతులూ తిరిగింది.

ఆట నడిపేవాడు గడ్డం గోక్కున్నాడు. వాడికి బాధ కలిగినా ఆట భాషలోనే వస్తుంది.

"ఒకసారి పోయిన చెక్ మళ్ళీ వేయడానికి లేదు. పరిస్థితి మారితేనే. నువ్వు అదే గదిలో, అదే ముఖంతో, అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నావు. అయితే పక్కన ఒకడు సాయం నిలబడితే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు కదా. నేనొస్తా పద."

నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు రోజంతా మాట్లాడగలడు, మాట్లాడి అలిసిపోవడం నేను చూడలేదు. డాక్టరమ్మ బాపు కోసం డబ్బాలో కూర, రొట్టెలు, ఒక సీసా పచ్చడి సర్దింది. వాడు ఎక్కడికెళ్ళినా వదలని లాప్‌టాప్ బ్యాగు వీపున తగిలించుకుని, చేతిలో ఆ సంచీ పట్టుకుని నాతో బయలుదేరాడు. బస్సు మారి, ఆటో మారి, దీపాలు పెట్టే వేళకు మా గదికి చేరాం.

వాడు చెప్పులు విడిచి, బాపు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని మొదలుపెట్టాడు. "బాబాయ్ గారూ, మీవాడికి మీరంటే ప్రాణమండీ. మీరు వెళ్ళిపోతే వాడేమైపోతాడండీ..." ఎంత బాగా చెప్పాడంటే నాకే ఏడుపొచ్చింది. బాపు శ్రద్ధగా తల ఊపుతూ విన్నాడు. కాదు, చూశాడు. నేను సగం గడిచాక గాని గమనించలేదు. వాడికి పెదాలను కప్పేసే మీసం, గడ్డం. దానికి తోడు గుంటూరు వేగం. బాపుకు ఒక్క మాటా అందడం లేదు. ఊరికే మర్యాదకు తల ఊపుతున్నాడు.

వాడు ముగించగానే బాపు లేచాడు. గోడ అలమరలో తన అర దగ్గరికి వెళ్ళి, మడతపెట్టిన లుంగీలు, చొక్కాలు తీసి సంచిలో కుక్కుకున్నాడు. ఖాళీ అయిన అరను తువ్వాలుతో మూలమూలలా తుడిచాడు. తర్వాత వాడి వీపు మీది బ్యాగు వైపు చెయ్యి చాచాడు.

"పెట్టు బిడ్డా, గిది నీ అర. నల్లా నీళ్ళు పొద్దుగాల ఒక్కపారే వస్తయి, లేసి పట్టుకోవాలె. మావోడు ఎక్కువ మాట్లాడడు గని మంచోడు. జర సూస్కో."

మా వాడకట్టులో ఒకడు రూము ఖాళీ చేస్తుంటే ఇంకొకడు ఇలాగే బ్యాగుతో, డబ్బాతో దిగుతాడు. ఆయన పోకముందే ఆయన చోటుకు నేను మనిషిని తెచ్చుకున్నాననుకున్నాడు. అలా అనుకుని కూడా కోపం తెచ్చుకోలేదు, అర తుడిచి ఇచ్చాడు.

 ఆట నడిపేవాడు కూర సంచి కింద పెట్టి, బాపు కాళ్ళకు మొక్కాడు. అద్దెకు వచ్చినవాడు అంత మర్యాద చూపేసరికి బాపు సంతోషించాడు కూడా. మెట్ల దగ్గర వాడు నా భుజం పట్టుకుని, "నావల్ల ఇంకా చెడిందిరా" అన్నాడు. వాడు అంత చిన్న వాక్యం మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు బాపుకు చివరి పగటి షిఫ్టు. సంచి కట్టి తలుపు పక్కన పెట్టి పనికి పోయాడు. దిగగానే అటు నుంచి వచ్చి సంచి తీసుకుని స్టేషన్‌కు. నేను దుకాణానికి పోలేదు. మధ్యాహ్నం దాకా ఆ సంచి వైపు చూస్తూ కూర్చున్నాను. దాని ముడి విప్పేద్దామా, దాచేద్దామా అని చిన్నపిల్లల ఆలోచనలు వచ్చాయి. ఇక కూర్చోలేక లేచి, చెప్పులు వేసుకుని, పాండేసరా వైపు నడవడం మొదలుపెట్టాను. ఏం చేస్తానో నాకే తెలియదు. నడక పోయి పరుగైంది.

ఆ షెడ్డు లోపలికి నేనెప్పుడూ వెళ్ళలేదు. సాంచెల గాలి కూడా నాకు తగలకూడదని బాపు పట్టుదల. ఇనుప తలుపు తోసి లోపల కాలు పెట్టగానే చప్పుడు నా రొమ్ముకు తగిలింది. వరసలు వరసలుగా సాంచెలు, మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. నేల అదురుతోంది, పళ్ళు అదురుతున్నాయి. అక్కడివాళ్ళు సాంచెల మీదుగా ఒకరితో ఒకరు పెదాలతో, చేతులతో మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఆ చివర బాపు తెగిన పోగును ముడివేస్తున్నాడు.

నేను వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఏదో జరిగిందనుకుని, "ఏంది? ఏమైంది?" అన్నాడు. అదీ నాకు వినపడలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాను. నేను నోరు తెరిచి, ఎప్పటిలా ఇరుక్కుపోవడానికి సిద్ధపడ్డాను.

"బాపూ" అన్నాను.

నా గొంతు నాకు వినపడలేదు. ఆ చప్పుడులో అది ఎక్కడికి పోయిందో. మాట బయటికి వచ్చిందని పెదాలు కదలడంతోనే తెలిసింది. మూసుకున్నాయి, తెరుచుకున్నాయి. నా గొంతు నాకే వినపడని చోట నత్తికి పట్టుకునేందుకు ఏమీ దొరకలేదు కాబోలు, దవడ వదులుగా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నాకు భయం వేసింది, ఇది ఏ క్షణాన్నైనా ఆగిపోతుందని. అందుకే ఒక్క ఊపిరిన చెప్పేశాను.

"పోకు బాపూ. నాకు నీ మీద కోపం లేదు. నాకు నత్తి పోలే. పోయిందని అవ్వ నీకు అబద్ధం చెప్పింది. మూతి గుంజుకునేది కోపంతోని కాదు, మాట రాక. నిన్న వచ్చినాయన మన రూముల ఉండటానికి రాలే, నిన్ను ఆపటానికి వచ్చిండు. పోకు."

బాపు చేతిలోని పోగు జారిపోయింది. చెయ్యి చాచి నా గదమ పట్టుకుని, ముఖాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. మళ్ళీ చెప్పు అన్నాడు. చెప్పాను. ఆయన కళ్ళు నా పెదాల మీద నుంచి కదలలేదు. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి చివరి దాకా వచ్చేసరికి ఆయన కింది పెదవి నా మాటలతో పాటు కదులుతోంది.

పక్క సాంచె మీది పెద్దాయన, బాపుతో భివండి పోవాల్సిన ఆయన, సంగతేంటని చెయ్యి తిప్పాడు. బాపు అటు చూసి, తన రొమ్ము మీద తట్టుకుని, అడ్డంగా తల ఊపి, నువ్వు పో అన్నట్టు చెయ్యి విసిరాడు. నేను అది చూశాను, అర్థమైంది కూడా. అయినా ఆగలేకపోయాను. పుట్టిన తర్వాత ఆ మాట అంత సులువుగా ఎప్పుడూ రాలేదు. పోకు, పోకు, పోకు బాపూ అని ఏడుస్తూ అరుస్తూనే ఉన్నాను, మా యాసలో చెప్పాలంటే ఒర్లుతూనే ఉన్నాను.

బాపు నా నోటి మీద చెయ్యి పెట్టాడు. దూది అంటిన చెయ్యి. తర్వాత చెయ్యి తీసి, నాకు బాగా కనపడేలా పెదాలు మెల్లగా కదిలిస్తూ అన్నాడు.

"ఒర్లకుర కొడుకా. ఇనవడుతుంది."